ఎడమ చెవి దగ్గర జుట్టు

ఫోటో ఎడిటర్ ఫోన్ చేసింది పదకొండూ నలభైకి. భూతద్దం ఊరి అవతలి కొస నుంచి వచ్చి స్టూడియో మెట్లెక్కేసరికి ఒంటిగంటా పది. ఆ గంటన్నరలో ఎవరో అతని తల వెనక భాగాన్ని చితగ్గొట్టేశారు.

భూతద్దం అన్నది ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోలీసు ఫోటో ల్యాబులో ఇరవై రెండేళ్ళు పనిచేసినప్పుడు తోటివాళ్ళు పెట్టింది. పై అధికారి ఒకడు సాక్ష్యం ఫోటోని కాస్త మార్చమంటే ఉద్యోగం అతని మొహాన కొట్టి వచ్చేసి, సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచింది. బోర్డు మీద కూడా ఆ పేరే రాయించుకుంది.

ఫోన్‌లో ఎడిటర్ గుసగుసగా మాట్లాడాడు. "మేడమ్, మీ పోస్టర్ చూశాను. ఆ తప్పిపోయినావిడ జుట్టు నేనే కత్తిరించాను."

"సెలూనా మీది?"

"కాదండీ, కంప్యూటర్లో. ఆవిడని ఫోటోలోంచి కత్తిరించి సముద్రం ముందు పెట్టింది నేనే. అప్పుడు నాకు తెలీదు. మిగతాది ఫోన్‌లో వద్దు. తొందరగా రండి."

ఆ తప్పిపోయినావిడ కోసమే ఐదు రోజులుగా భూతద్దం తిరుగుతోంది. ఆమె బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇంజనీరు. ఫ్యాక్టరీ మామగారిదే. భర్త ఓడల మీద ఉద్యోగం చేస్తూ నెలల తరబడి నీళ్ళ మీదే ఉంటాడు. ఆర్నెల్ల కిందట ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి నలుగురు మాడిపోయారు. మేనేజరు మీద కేసు నడుస్తోంది. సోమవారం ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాలి. తొమ్మిది రోజుల కిందట ఇంట్లోంచి బయటికెళ్ళి మళ్ళీ రాలేదు. నాలుగో రోజున మామగారి ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. సముద్రం ముందు ఆమె, భుజాలదాకా. జుట్టు గాలికి ఎగురుతోంది. కింద రెండు ముక్కలు: నేను బాగానే ఉన్నాను, నన్ను వెతకొద్దు.

పోలీసులు ఆ ఫోటో చూసి ఫైలు మూసేశారు. మామగారు భూతద్దం దగ్గరికొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "ఇది నిజమైన ఫోటోనేనా అమ్మా? ఆ మేనేజరే ఏదో చేయించాడని నా భయం."

మొహాన్ని, భుజాల్ని ఎవరైనా కత్తిరిస్తారు. పనితనం తెలిసేది జుట్టు దగ్గరే. భూతద్దం నాలుగు రోజులు ఆ జుట్టుని వెంట్రుక వెంట్రుకగా చూసింది. ఎడమ చెవి దగ్గర ముంగురుల సందుల్లోంచి సముద్రపు నీలం కనపడాలి. కనపడింది బూడిదరంగు. అంటే ఆమె నిలబడింది సముద్రం ముందు కాదు. నిన్న సాయంత్రం ఐదింటికి ఆ సంగతి పెద్దాయనకు చెప్పింది. పాపం, ఆయన కుర్చీలో కూలబడిపోయాడు.

రెండో అంతస్తు వరండాలో చేతులకు బేడీలు వేసిన కుర్రవాడు నేలమీద కూర్చుని ఉన్నాడు. ముక్కులోంచి రక్తం కారి చొక్కా మీది వేరే రక్తంతో కలిసిపోతోంది. అతని ముందు ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. ఈ ఇన్‌స్పెక్టర్ భూతద్దానికి పరాయివాడు కాదు. పోయిన భర్తకు స్వయానా తమ్ముడు.

"వదినా, మీరు లోపలికి రావడానికి లేదు."

"నువ్వు పక్కకి జరిగితే ఉంది. ఎవరీ అబ్బాయి?"

"చచ్చినవాడి బామ్మర్ది. పన్నెండూ పదికి లోపలికెళ్ళాడు. పన్నెండూ పదిహేనుకి రక్తం చొక్కాతో బయటికి పరిగెత్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రాసుకున్నాడు. నిన్న బావతో గొడవపడ్డాడు. లెక్క సరిపోయింది. వీడు ఒప్పుకోవడమే మిగిలింది." అంటూ ఇన్‌స్పెక్టర్ బూటుతో కుర్రవాడి పక్కటెముకల్లో తన్నాడు. కుర్రవాడు గోడకి కొట్టుకుని మూలిగాడు.

"నా ముందు ఇంకోసారి కాలు లేపితే ఆ కాలు ఫోటో రేపు పేపర్లో ఉంటుంది," అంది భూతద్దం. మోకాళ్ళ మీద కూర్చుని కుర్రవాడి గడ్డం ఎత్తింది. "గొడవెందుకు బాబూ?"

"మా అక్కకి ఆపరేషనండీ. తేదీ ఇచ్చాక బావ వాయిదా వేయించాడు, పనుందని. అందుకు అరిచాను. ఇవాళ మాట్లాడదామని వచ్చాను. టేబుల్ మీద పడుకున్నాడనుకుని భుజం పట్టి లేపితే…" చొక్కా వైపు చూసుకున్నాడు. "నా మీదకి జారిపోయాడండీ."

"కంప్యూటర్ ముట్టుకున్నావా?"

"లేదండీ."

"గదిలో ఏదైనా చప్పుడు?"

"లోపలి తలుపు దబ్బుమని పడింది. గాలికనుకున్నా."

ఆ గదికి కిటికీ లేదని భూతద్దం గుమ్మంలోంచే చూసింది. గాలి వచ్చే దారే లేదు. మరిది వైపు తిరిగింది. "విన్నావా?"

"వింటూనే ఉన్నా. ఇప్పుడే అల్లాడు. మీకు కథలంటే ఇష్టం కదా వదినా, వినండి."

అంతలో స్టూడియో ఓనరు నీళ్ళ సీసా పట్టుకుని వచ్చాడు. భారీ మనిషి, మెత్తటి మాట. పదేళ్ళుగా తన దగ్గర పనిచేసిన మనిషి అని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా మీరెక్కడున్నారు?" అని అడిగింది భూతద్దం.

"కింద షూటింగ్ ఫ్లోర్లో. చెప్పుల కంపెనీ వాళ్ళ కేటలాగ్. ముగ్గురున్నారు, అడగండి."

"మధ్యలో కదల్లేదా?"

"ఒక్కసారి. వెనకాల పరిచే కాగితం రోలు తేవడానికి. ఐదు నిమిషాలు."

"ఎన్నింటికి?"

"గడియారం చూసుకోలేదండీ."

"రోళ్ళు ఎక్కడుంటాయి?"

ఓనరు సీసా మూత బిగించాడు. "స్టోర్ రూములో." లోపలికి చెయ్యి చూపించాడు. "ఈ గది లోపలి తలుపు దానిదే. కిందనుంచి ఇంకో మెట్లదారి ఉంది."

"మీ చొక్కా బావుంది," అంది భూతద్దం. "పొద్దుటినుంచీ ఆ దీపాల వేడిలో పనిచేశారు. మడత గీతలు కూడా చెదరలేదు."

"చెమట పట్టిందని మార్చుకున్నా."

"ఎన్నింటికి?"

"వదినా!" ఇన్‌స్పెక్టర్ అడ్డం వచ్చాడు. "ఆయన పెద్దమనిషి. హంతకుడు ఇక్కడ బేడీలతో కూర్చుంటే మీరు ఆయన చొక్కా ఇస్త్రీ గురించి అడుగుతారేం?"

ఆమె చేతులకు తొడుగులు వేసుకుని గదిలోకి నడిచింది. తిట్టుకుంటూ ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చాడు. ఓనరు గుమ్మం దగ్గర ఆగాడు.

ఎడిటర్ కుర్చీ పక్కన నేలమీద బోర్లా పడి ఉన్నాడు. పుర్రె వెనక గుంట పడింది. అందులో జుట్టు, ఎముక, రక్తం ముద్దగా కలిసిపోయాయి. లైటు స్టాండుకి అడుగున బిగించే ఇనప దిమ్మె టేబుల్ కింద దొర్లి ఉంది. ఒక్క దెబ్బ కాదు. మొదటి దెబ్బకి మనిషి ముందుకు పడితే, మిగతావి పడ్డాక కొట్టినవి. రక్తం గోడ మీద గడియారం దాకా చిమ్మింది. భూతద్దం ఆ గడియారం వైపు చూసింది. తనని తొందరగా రమ్మన్నాడు. రాలేకపోయింది.

తెర మీద బొమ్మ ఇంకా తెరిచే ఉంది. నీలం సముద్రం, ఇసుక, ఆకాశం. మనుషులెవరూ లేరు.

"ఏముంది అందులో?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సముద్రం బొమ్మ."

"ఈ సముద్రాన్ని నువ్వు గుర్తుపట్టలేదా? దీని ముందు ఒకావిడ నిలబడి ఉందనే కదా ఫైలు మూశావు?"

అతని మొహం మాడింది. "ఆ ఫోటో నిజమైనదే."

"నిన్న నేను పట్టుకున్నాను, కాదని. చెవి దగ్గర బూడిదరంగు మిగిలింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే వినే మొహమేనా అది?"

ఆమె టేబుల్ మీదికి వంగింది. ఎడిటర్లు మౌస్‌తో జుట్టు కత్తిరించరు. పలకలాంటి దాని మీద కలంతో గీస్తారు, గీత తెర మీద పడుతుంది. ఆ పలక మీద రక్తం చిందింది. చిందిన చుక్కల్లోంచి కలం ములుకు అటూ ఇటూ ఈడ్చుకుపోయిన గీతలున్నాయి, పిల్లలు కోపంతో పలక మీద బరికినట్టు.

"ఇటు చూడు. రక్తం ముందు పడిందా, గీతలు ముందు పడ్డాయా?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. 

"రక్తం పడ్డాకే గీశారు. చచ్చినవాడు గీయడు. ఇక ఇది చూడు. ఈ ఫైలు ఆఖరిసారి సేవ్ అయింది పన్నెండూ ఐదుకి. నీ బామ్మర్ది గేటు దాటింది పన్నెండూ పదికి. అప్పటికే మనిషి చచ్చి ఐదు నిమిషాలు దాటింది."

"నా బామ్మర్దేమిటి?" అన్నాడు గానీ, గొంతులో వెనకటి బలం లేదు.

"ఇంకోటి. జుట్టు పనిచేసేవాడు వెంట్రుకంత సన్నటి బ్రష్ వాడతాడు. ఇక్కడ బ్రష్ ఎంత పెట్టి ఉందో చూడు, చీపురంత. ఈ పని తెలియనివాడెవడో కూర్చుని, కంగారుగా ఆమె మీద నల్లగా పూసేశాడు. మనిషి మాయమైపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. ఇంతలో కుర్రవాడి అడుగుల చప్పుడు వినపడి లోపలి తలుపులోంచి పోయాడు."

"అయితే పోయినట్టేగా? ఫోటో చెరిపేశాడు."

"చెరపలేదు. కప్పాడు." తెర పక్కన చిన్న నల్లటి గడి మీద ఆమె వేలు పెట్టింది. "దీన్ని మాస్క్ అంటారు. ఫోటో మీద పరిచిన కాగితమనుకో. తెల్లగా ఉన్నచోట కింద బొమ్మ కనపడుతుంది, నల్లగా ఉన్నచోట కనపడదు. కానీ బొమ్మ అలాగే ఉంటుంది. జుట్టు ఎంత జాగ్రత్తగా కత్తిరించినా, ఎంత మొరటుగా నల్లరంగు పూసినా, కిందున్న అసలు ఫోటోకి ఏమీ కాదు. కాగితం పక్కకి తీస్తే చాలు."

ఒక మీట నొక్కి పట్టుకుని నల్లటి గడిని నొక్కింది.

సముద్రం పోయింది. దాని స్థానంలో తెర నిండా ఒక గది వచ్చింది. బూడిదరంగు కాగితం ముందు ఇనప కుర్చీ. కుర్చీలో ఆమె. జుట్టు ఎగిరింది సముద్రపు గాలికి కాదు, పక్కన నేలమీద పెట్టిన టేబుల్ ఫ్యాన్ గాలికి. మణికట్లు కుర్చీ చేతులకి కట్టేసి ఉన్నాయి. భుజాల కింద నైలాన్ తాళ్ళు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. కళ్ళు కెమెరా వెనక ఎవరినో చూస్తున్నాయి, ఆ చూపులో భయం కంటే అసహ్యం ఎక్కువగా ఉంది. కాగితం అంచు దాటి గోడ కనపడుతోంది. గోడకి ఇనప కొక్కేలు, కొక్కేల మీద వరసగా రంగు కాగితం రోళ్ళు.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు.

వెనకనుంచి కెమెరా ట్రైపాడ్ అతని చెవి మీద దిగింది. ఎముక మీద లోహం మోగిన చప్పుడు భూతద్దానికి స్పష్టంగా వినిపించింది. ఇన్‌స్పెక్టర్ శవం మీదే కుప్పకూలాడు. ఓనరు రెండో దెబ్బ ఆమెకి గురిపెట్టాడు. ఆమె వంగింది. తెర పగిలి గాజు పెంకులు ఆమె మెడ మీద రాలాయి. మరుక్షణం లైటు వైరు ఆమె గొంతుకి చుట్టుకుంది.

"ఫోన్ చేయొద్దని చెప్పా వాడికి," ఆమె చెవిలో అన్నాడు ఓనరు, ఇందాకటి మెత్తటి గొంతుతోనే. "విన్లేదు."

ఊపిరి ఆగింది. చేతికి దొరికింది ఎడిటర్ కలం. దాన్ని వెనక్కి, పైకి, ఉన్న బలమంతా పెట్టి పొడిచింది. కలం అతని కన్ను కింద దిగబడి విరిగింది. వాడు ఎద్దులా రంకెవేశాడు గానీ వైరు వదల్లేదు. ఆమె కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి.

అప్పుడు వరండాలోంచి బామ్మర్ది వచ్చాడు. బేడీలు వేసిన రెండు చేతులూ తల మీదకి ఎత్తి ఓనరు మెడ మీద మోదాడు. "మా బావ!" అని ఒక దెబ్బ. "మా బావ!" అని ఇంకొకటి. వైరు వదులైంది. ఓనరు మోకాళ్ళ మీద పడ్డాడు. ఇనుము వాడి నోటి మీద పడి పళ్ళు రాలాయి. దెబ్బకొకసారి అదే మాట.

"చాలు," అని గొంతు పెగల్చుకుంది భూతద్దం. "చాలు నాయనా. వాడు బతకాలి. మాట్లాడాలి."

కుర్రవాడు ఆగి, బావ పక్కన కూలబడి, అప్పుడు ఏడ్చాడు.

కానిస్టేబుల్ పరుగున పైకొచ్చి ఓనరుని కట్టేశాడు. ఇన్‌స్పెక్టర్ మూలుగుతూ లేచి కూర్చున్నాడు. భూతద్దం గోడ పట్టుకుని లోపలి తలుపు తోసింది. రోళ్ళ వెనక బూడిదరంగు కాగితం ఇంకా వేలాడుతోంది. దాన్ని చింపింది. వెనక చిన్న గది, ఒకప్పుడు ఫోటోలు కడిగే చీకటి గది. కుర్చీలో మనిషి. తల వాలిపోయి ఉంది. చెయ్యి పట్టుకుని చూస్తే నాడి కొట్టుకుంటోంది.

నోటి మీది ప్లాస్టర్ తీస్తే పెదవుల చర్మం దాంతోపాటు వచ్చింది. ఎడమచేతి రెండు వేళ్ళకి గోళ్ళు లేవు. ఆమె ఏదో చెప్పాలని చూసింది. దాహంతో ఎండిపోయి నాలుక లేవలేదు.

"అయిపోయిందమ్మా," అని ఆమె తల నిమిరింది భూతద్దం. "ఇక నిన్నెవరూ ముట్టుకోరు."

ఒంటిగంటా యాభై రెండుకి భూతద్దమే మామగారికి ఫోన్ చేసింది. "సార్, మీ కోడలు దొరికింది. బతికే ఉంది."  అవతల వెక్కిళ్ళు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే అంబులెన్స్ రావడానికి అరగంట అన్నారు. పెద్దాయన మాత్రం సరిగ్గా రెండింటికల్లా ఫ్యాక్టరీ అంబులెన్స్‌తో సహా దిగాడు. కోడలి పాదాలు పట్టుకుని వలవలా ఏడ్చాడు.

ఆమె కళ్ళు తెరిచింది. ఆయన్ని చూసింది. ఒళ్ళంతా విల్లులా వంగింది, స్ట్రెచర్ మీంచి పడబోయింది, గొంతులోంచి గరగరమని ఏదో శబ్దం.

"జడుసుకుంది," అన్నాడు అంబులెన్స్‌తో వచ్చినవాడు. సూది వేశాడు. ఆమె చెయ్యి భూతద్దం కొంగుని పట్టుకుంది, మెల్లగా జారిపోయింది.

"ఇంటిమనిషి తోడుండటం మంచిది. మీరు వెళ్ళండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చెవికి గుడ్డ అదిమి పట్టుకుని. తలుపులు మూసుకున్నాయి. రెండూ ఏడుకి బండి కదిలింది.

ఓనరుకి స్పృహ తెప్పించేసరికి రెండున్నర దాటింది. మరిది అతని ముందు కూర్చున్నాడు. చెయ్యి లేపాడు. వదిన వైపు చూసి దించాడు. "మీరే అడగండి."

"ఎవరు చేయించారు?" అంది భూతద్దం.

"తెలీదు." పళ్ళు లేని నోట్లోంచి మాట నురగలా వచ్చింది. "నా పాత సంగతి ఒకటి వాడి చేతిలో ఉంది. అన్నీ ఫోన్‌లోనే. ఆమెని దాచమన్నాడు. ఫ్యాక్టరీ బాయిలర్ల రికార్డు పుస్తకం ఎక్కడ పెట్టిందో చెప్పేదాకా చంపొద్దన్నాడు. చెప్పలేదు ముండ."

ఇన్‌స్పెక్టర్ పిడికిలి బిగుసుకుంది. భూతద్దం చేత్తో వారించింది. "ఎడిటర్‌కి ఎలా తెలిసింది?"

"మొదట భుజాలదాకా కత్తిరించిన ఫోటోనే ఇచ్చా. ట్రావెల్ కంపెనీ బొమ్మ అనుకున్నాడు. నిన్న ఆరింటికి మళ్ళీ ఫోన్ వచ్చింది. పని సరిగా లేదు, మళ్ళీ చేయించు అని. జుట్టు బాగా రావాలంటే పెద్ద ఫోటో కావాలన్నాడు మావాడు. ఇచ్చా. ఇవాళ పొద్దున దాంట్లో తాళ్ళు చూశాడు."

"పని సరిగా లేదంటే? ఏమన్నాడు? మాటకి మాట చెప్పు."

ఓనరు రక్తం ఉమ్మాడు. "ఎడమ చెవి దగ్గర ముంగురుల్లో బూడిదరంగు మిగిలిపోయింది అన్నాడు."

భూతద్దం లేచి నిలబడింది. అవి తన మాటలే. నిన్న ఐదింటికి అన్న మాటలు. ఒకే ఒక్క మనిషితో, ఆ మామగారితో అన్న మాటలు. రికార్డు పుస్తకం కోర్టుకొస్తే మునిగేది మేనేజరు కాదు, ఫ్యాక్టరీ యజమాని. ఆ ఫోటో కోర్టులో నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఆయన ఊళ్ళో అందరికంటే నిశితమైన కన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తప్పు ఎక్కడుందో తానే చూపించింది. దానికి ఎడిటర్ ప్రాణం పోయింది. ఫ్యాక్టరీ ఇక్కడికి అరగంట దూరం. ఎనిమిది నిమిషాల్లో అంబులెన్స్ ఎలా వస్తుంది, ఈ వీధి చివర కాచుకుని ఉంటే తప్ప?

"జీపు తియ్," అంది.

"ఏమైంది వదినా?"

"తియ్యి ముందు!"

మెట్లు దిగుతూనే ఫోన్ కలిపింది. రెండో రింగుకే ఎత్తాడు.

"చెప్పమ్మా."

"ఎంతవరకు వెళ్ళారు సార్?" గొంతు మామూలుగా ఉంచి అడిగింది.

"వచ్చేశామమ్మా."

"సైరన్ వినపడటం లేదేం?"

"నేనే ఆపించా. పిల్ల నిద్రపోతోంది కదా."

ఆయన మాటల వెనక బరువైన ఇనప గేటు చక్రాల మీద దొర్లుతున్న చప్పుడు.

"ఏ ఆస్పత్రి సార్?"

అవతల చిన్న నిట్టూర్పు. "నీ కన్ను మంచిదమ్మా. మరీ అంత మంచిదని తెలిస్తే నీ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు."

జీపు ముందుకు దూకింది. "ఫ్యాక్టరీకి," అంది భూతద్దం ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి. మరిది చెవిలోంచి రక్తం కారుతుంటే తుడుచుకోకుండా స్టీరింగ్ తిప్పాడు.

ఫోన్ మళ్ళీ చెవికి ఆనించింది. ఆయన పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. ఏదో దబ్బున పడింది, గాజు పగిలింది, ఎవడో మగవాడు బాధతో పెద్దగా అరిచాడు. చెప్పులు లేని కాళ్ళు రేకు మీద పరిగెడుతున్నట్టు చప్పుడు.

"పట్టుకోండ్రా దాన్ని!" పెద్దాయన గొంతులో మెత్తదనం ఎక్కడా లేదు. "పట్టుకోండి!"